ముదిరిన పాకం

కాత్యాయని ఒకరిని చూసి ఓర్వలేని మనిషి కాదు. నూజివీడు బజారువీధిలో ఎవరిని అడిగినా ఆ మాటే చెప్పేవారు. జి. కొండూరు నుంచి పదిహేనో ఏట కాపరానికి వచ్చి, మామిడికాయల వర్తకం చేసే సుబ్రహ్మణ్యంగారింటికి పెద్దకోడలైంది. వచ్చిన నాటి నుంచీ పొయ్యి దగ్గర పనంతా తన మీదే వేసుకుంది. మరీ ముఖ్యంగా పాకం. బెల్లప్పాకం ఎప్పుడు దించాలో ఆమెకు బుడగ చూస్తే తెలిసిపోయేది. వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా అరిసెల వేళకు కాత్యాయనికి కబురొచ్చేది.

కడుపు మాత్రం చాలాకాలం పండలేదు. రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయింది. ఆగిరిపల్లి కొండెక్కి స్వామికి మొక్కుకుంది. నలుగురూ నాలుగు మాటలన్నా నోరెత్తలేదు. అప్పుడే మరిది వెంకటరమణకి పెళ్ళయి, ఏలూరు నుంచి భారతి కాపరానికొచ్చింది. వచ్చిన ఏడాదికే నీళ్ళోసుకుంది. చిత్రమేమిటంటే, అదే ఏడు కాత్యాయనీ నీళ్ళోసుకుంది. ఉగాది వెళ్ళాక కాత్యాయనికి మగపిల్లాడు, వానలు పడే ముందు భారతికి ఆడపిల్ల. వాడికి గోపాలకృష్ణ అనీ, పిల్లకు ఉమ అనీ పేర్లు పెట్టారు. పుట్టిళ్ళ నుంచి ఇద్దరూ చంటివాళ్ళతో తిరిగొచ్చేసరికి హైదరాబాదు వైపు రజాకార్ల గొడవ సద్దుమణిగింది. ఇల్లంతా పాలవాసన, తడిగుడ్డలు, ఏడుపులు.

గోపాలం బొద్దుగా, నెమ్మదిగా ఉండేవాడు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే బొమ్మలా కూర్చునేవాడు. ఉమ చీపురుపుల్లలా ఉండేది కానీ ఒక్కచోట నిలిచేది కాదు. నెలన్నర వెనక పుట్టిన పిల్ల వాడికంటే ముందు బోర్లాపడింది. అత్తగారు త్రిపురసుందరమ్మ సంబరపడి బొబ్బట్లు చేయించింది. చేసింది కాత్యాయనే. తరవాత ఉమ పాకింది, గడప దాటింది. గారెలు. వండింది కాత్యాయనే. గారెల పిండి చేతిలోకి తీసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే, వసారాలో గోపాలం తన బొటనవేలు చీకుతూ లోకంతో పనిలేనట్టు కూర్చుని ఉన్నాడు. ఆమె పిండి ముద్దని అరిచేతిలోనే నలిపేసింది.

"ఆడపిల్లలకి అన్నీ తొందరేనమ్మా," అనేది అత్తగారు. "మగపిల్లలు కాస్త నిదానం."

ఓదార్పుగానే అనేది. కానీ ఆ ఓదార్పు అవసరమైందనే కాత్యాయనికి ఒళ్ళు మండేది.

భారతి మీద ఆమెకు కోపం లేదని చాలాకాలం అనుకుంది. భారతి రాకముందు ఆ ఇంట్లో తోడు లేక ఎంత దిగులుపడిందో ఆమెకు గుర్తే. వచ్చాక ఇద్దరూ ఒకరి జడ ఒకరు వేసుకునేవారు. ఇప్పుడు మాత్రం భారతి పిల్లని ఎత్తుకుని ఎదురైతే, కాత్యాయని కళ్ళు ముందు ఆ పిల్ల కాళ్ళ మీదికి పోయేవి. ఇంకా నిలబడలేదు కదా అని చూసుకునేది. లేదని తెలిస్తే ఆ పూటకి అన్నం సయించేది.

గోపాలానికి పూటపూటా నువ్వులనూనె పట్టించి కాళ్ళు పామేది. ఇసకలో నడుందాకా పాతి నిలబెడితే కాళ్ళకి బలం వస్తుందని ఎవరో చెబితే, పెరట్లో ఇసక పోయించి అదీ చేసింది. వాడు ఆ ఇసక గుప్పెళ్ళతో నోట్లో వేసుకున్నాడు గానీ కాలు మోపలేదు. సంగతి విని జి. కొండూరు నుంచి ఆమె తండ్రి మూడు చక్రాల నడకబండి పట్టుకొచ్చాడు. పచ్చరంగు, ఎర్ర చక్రాలు.

"ఇద్దరూ తోసుకుంటూ తిరుగుతారమ్మా," అన్నాడాయన.

కాత్యాయని తలూపింది. ఆయన్ని బస్సెక్కించి వచ్చాక బండి తీసుకెళ్ళి అటక మీద పెట్టింది. ఉమ నిద్రపోయినప్పుడు దించేది, లేచే అలికిడి వినగానే మళ్ళీ ఎక్కించేది. నా పుట్టింటివాళ్ళు నా కొడుక్కి తెచ్చుకున్నది, ఇందులో తప్పేముంది అనుకునేది. తప్పు లేనిదాన్ని దాచడమెందుకో మాత్రం అనుకునేది కాదు.

బండి అటక మీదుండగానే ఉమ నడిచింది.

అది ఆవకాయ రోజులు. కాత్యాయని వంటింట్లో పీట వేసుకుని ముక్కలకి కారం పట్టిస్తోంది. భారతి పిల్లని గడప దగ్గర నిలబెట్టి చేతులు వదిలేసింది.

"అక్కయ్యా, ఒక్కసారి ఇటు చూడండి."

ఉమ రెండు చేతులూ గాలిలో పెట్టుకుని, తాగినవాడిలా తూలుతూ, నవ్వుతూ, నేరుగా కాత్యాయని దగ్గరికే వచ్చి ఆమె మోకాలు పట్టుకుంది. ఇంకో రోజైతే, ఇంకొకరి పిల్లైతే, కాత్యాయని ముద్దులతో ముంచెత్తేది.

"చేతులకి కారముంది. పిల్ల కళ్ళల్లో పడుతుంది, తీసుకెళ్ళు," అంది తల ఎత్తకుండా.

చేతులకి కారం ఉన్న మాట నిజమే. భారతి పిల్లని ఎత్తుకుంది. కానీ మర్నాడు మళ్ళీ అదే గడప దగ్గర దింపింది. ఆ మర్నాడూ అంతే.

అడుగులకి అరిసెలు పొయ్యాలని త్రిపురసుందరమ్మ ముహూర్తం పెట్టింది. పిల్ల చేత అరిసెల మీద అడుగులు వేయించి, పేరంటాళ్ళకి పంచాలి.

"నువ్వే పాకం పట్టాలి పెద్దమ్మాయ్," అంది కాత్యాయనితో. "ఇంకెవరు పట్టినా నాకు నచ్చదు."

తెల్లవారుతూనే తడిబియ్యం దంపించి, జల్లించి, పొయ్యి మీద బెల్లం పెట్టింది కాత్యాయని. పాకం ఉడుకుతోంది. పక్క గదిలో భారతి పిల్ల కొత్త గౌనుకి గుండీలు కుడుతూ ఏదో పాడుతోంది. వసారాలో గోపాలం కూర్చునే ఉన్నాడు. వాడి ముందు నుంచి ఉమ ఒకసారి అటు, ఒకసారి ఇటు నడిచిపోతోంది. వాడు ఆ పిల్లని చూసి చప్పట్లు కొడుతున్నాడు. తన కొడుకే చప్పట్లు కొడుతున్నాడు.

గిన్నెలో నీళ్ళు పోసి చుక్క పాకం వేసి చూసింది. మెత్తగా ఉండకట్టింది. దించాల్సిన క్షణం అదే. ఆమె చెయ్యి గుడ్డ అందుకుంది, పాకం గిన్నె అంచు దాకా వెళ్ళింది, అక్కడే ఆగింది. బుడగలు చిక్కబడ్డాయి. రంగు మారింది. ఆమె చూస్తూ నిలబడింది. మళ్ళీ చుక్క వేస్తే నీళ్ళలో ఠంగుమంది. అప్పుడు దించి పిండి కలిపింది.

పేరంటాళ్ళందరూ వచ్చారు. పీటల మీద అరిసెలు వరసగా పేర్చారు. మామూలుగా పిల్ల పాదం పడితే అరిసె మెత్తగా అణుగుతుంది. ఉమ పాదం కింద ఒక్కటీ చెక్కు చెదరలేదు. నున్నటి రాళ్ళ మీద నడిచినట్టు నడిచి, అటు చివర తల్లి చేతుల్లో పడింది. హారతి ఇచ్చారు. అందరికీ తలా రెండు అరిసెలు, తాంబూలం ఇచ్చారు. పక్కింటి ముసలావిడ ఒకటి కొరకబోయి, దవడ పట్టుకుని, మెల్లగా కొంగున కట్టుకుంది. ఒక్క గోపాలం మాత్రం పళ్ళొచ్చే వయసు కదా, ఒక అరిసె రెండు చేతులా పట్టుకుని పరమానందంగా కొరుకుతూ కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక త్రిపురసుందరమ్మ పళ్ళెం లోపలికి తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"నీ చెయ్యి తప్పదు కాత్యాయనీ. నాకు తెలుసు," అంది. వెళ్ళి పడుకుంది.

కాత్యాయనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెరట్లోకి వెళ్ళింది. బావి దగ్గర అరుగు మీద భారతి కూర్చుని ఏడుస్తోంది. కాత్యాయని వెనక్కి తిరగబోయింది గానీ భారతి చూసేసింది. ఇక తప్పక దగ్గరికి వెళ్ళింది.

"అరిసెలు కాస్త గట్టిపడ్డాయిలే. దానికి ఏడుస్తారా ఎవరైనా," అంది.

"అరిసెలకి కాదక్కయ్యా. మామగారెక్కడున్నారు ఇవాళ?"

"తోటకెళ్ళారేమో."

"తోటకే వెళ్ళారు. గోపాలం అన్నప్రాసన రోజున కౌలు బేరం వదిలేసి ఇంట్లో కూర్చున్నారు. వాడు పుట్టినప్పుడు బజారంతా పటికబెల్లం పంచారట. ఉమ పుట్టిందని కబురెళ్తే, లక్ష్మి వచ్చిందిలే అని మళ్ళీ కాయల లెక్కలో పడ్డారట. మీ మరిదిగారే చెప్పారు, నవ్వుతూ. ఉమ అన్నప్రాసనకి ఆయనున్నారా, మీకు గుర్తుందా?"

కాత్యాయనికి గుర్తు లేదు. ఆ మాటకొస్తే ఎప్పుడూ గమనించలేదు.

"మీ వాడు కూర్చున్నా మగపిల్లాడే," అంది భారతి. "నా పిల్ల పరిగెత్తినా ఆడపిల్లే. దాని కాళ్ళు తప్ప నాకు ఈ ఇంట్లో చెప్పుకోడానికి ఏముంది? అందుకే రోజూ మీ కళ్ళముందుకే తెచ్చి నడిపించేదాన్ని. మీ మొహం మాడిపోతుంటే నాకు కడుపు చల్లగా ఉండేది."

కాత్యాయనికి ముందు జాలి కలగలేదు. కోపం తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ తనొక్కతే పాపిష్టిదాన్నని కుమిలిపోయింది. భారతి నవ్వుతూ గడప దగ్గర నిలబడి అదే పాపం చేస్తోందన్నమాట.

"తెలిసే చేశావా?"

"తెలిసే చేశాను. పాకం మీరూ తెలిసే ముదరపెట్టారుగా."

బావి గిలక మీద కాకి వాలి, వీళ్ళని చూసి ఎగిరిపోయింది.

"తెలిసీ అందరికీ ఎందుకు పంచావు?" అంది కాత్యాయని.

"వద్దంటే మీ పేరు పోదూ? ఒకరోజు పాకం కుదరలేదంటే సరిపెట్టుకుంటారు. కావాలని పాడుచేసిందంటే ఊరుకుంటారా?" భారతి కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను మాత్రం తినలేదు. రోట్లో దంచి పాలల్లో నానేశాను, ఉమకి పెడదామని."

కాత్యాయనికి నవ్వొచ్చింది. నవ్వాలని లేకపోయినా వచ్చింది. భారతి నవ్వలేదు. ఆ రోజుకి అంతే.

మర్నాడు కాత్యాయని నడకబండి అటక మీద నుంచి దించి వసారాలో పెట్టింది. ఇది ఎప్పటి నుంచి ఉందని ఎవరూ అడగలేదు. ఉమ దాన్ని తోసుకుంటూ గోడలన్నీ గుద్దింది. చూస్తుంటే కాత్యాయనికి లోపల మంట అలాగే ఉంది. ఒక్క ఏడుపుతో, ఒక్క నవ్వుతో పోయే మంట కాదు అది. కాకపోతే ఇప్పుడు కళ్ళకి ఇంకోటి కూడా కనపడసాగింది. మామగారు ఇంట్లోకి రాగానే పాదాల దగ్గర తచ్చాడే ఉమని దాటుకుని వెళ్ళి, చాప మీద కూర్చున్న గోపాలాన్ని ఎత్తుకునేవారు. ఇన్ని నెలలుగా ఆమె అది చూస్తూనే ఉంది. తన కొడుకుని ఎత్తుకోవడమే చూసింది, ఆయన దాటుకుని వచ్చిన పిల్లని చూడలేదు.

ఒక సాయంత్రం ఆయన పడక్కుర్చీలో కూర్చుని గోపాలాన్ని ఇటు ఇమ్మన్నారు. కాత్యాయని ఉమని తెచ్చి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టింది.

"వాడు పాలు తాగుతున్నాడండీ మామయ్యగారూ. కాసేపు దీన్ని చూడండి, మాకిద్దరికీ చేతులు ఖాళీ లేవు," అని లోపలికి వెళ్ళిపోయింది.

గోపాలం పాలేమీ తాగడం లేదు. ఆమె తలుపు చాటు నుంచి చూసింది. సుబ్రహ్మణ్యంగారు ఇబ్బందిగా కాసేపు కూర్చున్నారు. ఉమ ఆయన మీసం పట్టుకుని గుంజింది. ఆయన అబ్బా అన్నారు. పిల్ల పకపకా నవ్వింది. ఆయన మొహం అటు తిప్పారు, ఇటు తిప్పారు, చివరికి ఆయనే మళ్ళీ మీసం దాని చేతికందేలా వంచారు. పొయ్యి దగ్గర నుంచి భారతి అంతా చూస్తూనే ఉంది. ఆ రాత్రి వడ్డించేటప్పుడు పెరుగు మీద మీగడంతా కాత్యాయని విస్తట్లో వేసింది.

చిన్నరసాలు కోతకొచ్చాయి. ఆగిరిపల్లి తోటలో కాయ దింపుతున్నారంటే ఆడవాళ్ళూ పిల్లలూ బండి కట్టించుకుని వెళ్ళారు. పాకలో జోజమ్మ అనే ఆవిడ బుట్టల్లో వరిగడ్డి పరిచి కాయలు సర్దుతోంది. ఏళ్ళుగా ఆ తోటకే పనికొచ్చే మనిషి. పిల్లలిద్దరినీ ఆవిడ దగ్గర గడ్డి మీద వదిలి, తోడికోడళ్ళిద్దరూ బోదె దగ్గరికి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. నీళ్ళు చల్లగా ఉన్నాయని కాస్త ఆలస్యం చేశారు.

తిరిగొచ్చేసరికి జోజమ్మ లేచి నిలబడి ఉంది.

"అమ్మగారూ, బాబు నడిచాడండీ."

కాత్యాయని గబగబా దగ్గరికి వచ్చింది. కొడుకు వైపు చూసింది. గోపాలం ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. చేతిలో మగ్గిన కాయ, మోచేతుల దాకా రసం.

"ఎవరు చూశారు?"

"నేనూ, పాపగారూనండీ. కాయ కోసం లేచాడు. గడ్డి మీద తప్పటడుగులు వేసుకుంటా అక్కడి దాకా వెళ్ళి తెచ్చుకున్నాడండీ."

కాత్యాయని వాణ్ణి లేపి నిలబెట్టింది. వాడు చతికిలబడ్డాడు. ఇంకో కాయ చూపించింది, బతిమాలింది. వాడు ఉన్న కాయే చీక్కుంటూ కూర్చున్నాడు. పదమూడు నెలలు నూనె పామింది తను, ఇసక పోయించింది తను, బండి దాచి పాపం కట్టుకుంది తను. చూసింది జోజమ్మ. ఎండ దిగేదాకా ఆవిడ మీద ఒళ్ళు మండుతూనే ఉంది. మండుతుండగానే ఆవిడ పక్కకి చేరి కూర్చుంది.

"ముందు ఏ కాలు వేశాడు?"

"కుడికాలేనండీ." జోజమ్మ గడ్డి సర్దడం ఆపకుండా చెప్పింది.

"పడ్డాడా?"

"పడలేదండీ."

"మళ్ళీ మొదటి నుంచి చెప్పు."

జోజమ్మ చెప్పింది. ఈసారి అడుగులు కాస్త ఎక్కువయ్యాయి. భారతి పక్కకి తిరిగి నవ్వుకుంది.

ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకి గానీ గోపాలం తల్లి కళ్ళముందు నడవలేదు. వాకిట్లో తులసికోట దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు, గోడ వదిలాడు. కాత్యాయని చేతులు చాపి మోకాళ్ళ మీద కూర్చుంది. వాడు ఆమెను ఒకసారి చూసి, పక్కనుంచి దాటుకుని, వీధివైపు నడుస్తున్న ఉమ వెనకాల పోయాడు.