నానమ్మ చేతికి కత్తెర

మా నానమ్మ ముప్పై ఏళ్లుగా దర్జీ. కంటి ఆపరేషన్ అయ్యాక బాబాయి ఆమెకు గుండీలు కుట్టే పని అప్పగించి, గుడ్డ కత్తిరించే బల్ల తాను తీసేసుకున్నాడు. ఒకరోజు దుకాణం టీవీలో, సీరియల్ నాయిక తన కుర్చీ లాక్కున్న మరిది చెంప ఛెళ్లుమనిపించింది. బట్టలివ్వడానికొచ్చిన ఆడవాళ్లూ నేనూ చప్పట్లు కొట్టాం.

"చెంపదెబ్బకే కుర్చీ వచ్చేస్తుందటే పిచ్చిదానా? పని చేసి చూపించు!" అని నాయికను కసిరి, నానమ్మ లేచింది. "ఒరేయ్, కత్తెర ఇలా తే."

"అమ్మా, బల్ల మీదున్నది పెళ్లికూతురి పట్టు. తప్పితే మళ్లీ దొరకదు!"

"నీ లాగుల దగ్గర్నుంచి పెళ్లి చొక్కా దాకా కత్తిరించిందెవర్రా?"

బాబాయి కత్తెర అందించాడు. నానమ్మ వేళ్లతో అంచు తడుముతూ కత్తెర నడిపింది. బాబాయి టేపు పెట్టి రెండుసార్లు కొలిచాడు. నూలుపోగంత తేడా లేదు.

"కొలిచింది చాల్లే. తర్వాతి గుడ్డ పరుచు," అంది నానమ్మ.