ఆషాఢంలో పెట్టిన వర్క్‌స్పేస్

చేత్తో నొక్కి చేసే పనంటే అర్షియాకి ఒళ్ళు మంట. క్లౌడ్‌లో ఏదైనా అమర్చాలంటే తెరమీద బొత్తాలు నొక్కుకుంటూ పోవచ్చు, చాలామంది చేసేది అదే. ఆమె మాత్రం ప్రతి సెట్టింగూ కోడ్‌లో రాసేది. మెషీన్ ఎంత పెద్దది కావాలి, ఎంతసేపు ఖాళీగా ఉంటే ఆగిపోవాలి, లోపలికి ఎవరెవరు రావచ్చు, ఫొటోలు ఎక్కడ దాచాలి, అన్నీ ఒక ఫైల్లో ఉండి తీరాలి. "చేత్తో చేసింది నాలుగు రోజులకి మర్చిపోతాం. రాసిపెట్టుకుంటే పది నిమిషాల్లో మళ్ళీ కట్టుకోవచ్చు" అని, వినేవాళ్ళు దొరికితే చాలు, చెప్పేది. బందరులో రోల్డ్ గోల్డ్ నగలకి మెరుగు పెట్టే వాళ్ళ నాన్న హనీఫ్‌కి ఆ మాట వినీ వినీ కంఠతా వచ్చేసింది.

చివరికి ఆ మాటే ఆమె కొంప ముంచింది.

అర్షియా రోజూ పొద్దున్నే బందరులో బస్సెక్కి గుడివాడ వెళ్తుంది. అక్కడ రొయ్యల మేత అమ్మే కంపెనీలో ఉద్యోగం. యజమాని ఆనందరావు గారికి ఒక కోరిక ఉంది. బంటుమిల్లి చుట్టుపక్కల రైతు చెరువు గట్టుమీద నిలబడి రొయ్యని ఫోన్లో ఫొటో తీస్తే, దానికి తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో యాప్ అప్పటికప్పుడు చెప్పేయాలి. ఆ యాప్‌కి తెలివితేటలు నేర్పే చోటే అర్షియా కట్టిన వర్క్‌స్పేస్.

చోటు కట్టింది అర్షియా అయినా చదువు చెప్పింది మాత్రం మంగతాయారు. బంటుమిల్లిలో కంపెనీవాళ్ళ చిన్న ల్యాబ్‌లో పనిచేస్తుంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు రొయ్యలు వలిచే షెడ్డులో నిలబడిన మనిషి. ఏది జబ్బు మచ్చో, ఏది తడి మెరుపో ఫొటో చూడగానే చెప్పేస్తుంది. ఏడు వారాలు కళ్ళజోడు ముక్కుమీదికి జారుతుంటే ఎగదోసుకుంటూ, నాలుగు వేల రెండొందల ఫొటోల్లో మచ్చ ఉన్న ప్రతిచోటా చుట్టూ గీత గీసింది. ఆ గీతలు లేకపోతే మెషీన్‌కి రొయ్యా ఒకటే, రాయీ ఒకటే.

యాప్ ఇంకా తప్పులు చెబుతోంది. నేర్చుకునేది తప్పులు చెప్పదా మరి! ఆనందరావు గారికి అంత ఓపిక లేదు. ఒకరోజు పిలిచి అడిగారు.

"అమ్మాయ్, ఇది ఎప్పుడు మొదలుపెట్టావ్?"

"జూన్ ఆఖర్లో సార్."

ఆయన గోడమీది క్యాలెండర్ తిప్పి చూసి తల కొట్టుకున్నారు. "ఆషాఢం! ఆషాఢంలో ఎవరైనా మొదలుపెడతారటమ్మా? ఇంక తప్పులు చెప్పక ఏం చేస్తుంది? శ్రావణ శుక్రవారం పదీ నలభై రెండుకి మంచి ముహూర్తం ఉంది. పాతది తీసేసి, అదే పేరుతో కొత్తది పెట్టు. పేరు మారిస్తే రైతుల ఫోన్లలో యాప్ పనిచెయ్యదన్నావుగా."

"ఇప్పుడు కదిపితే ఎలా సార్? ఇంకో రెండు వారాలు ఆగితే అదే..."

"పది నిమిషాల్లో మళ్ళీ కట్టుకోవచ్చని నువ్వేగా చెప్పావు?"

అర్షియా ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో తనకే లెక్క తెలియదు.

శుక్రవారం నాడు ల్యాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టారు. పక్కన కొబ్బరికాయ, కర్పూరం. వెనక ఆఫీసు మొత్తం నిలబడింది. పదిన్నరకి అర్షియా పాతది తీసేయమని కమాండ్ ఇచ్చింది. ఎర్ర అక్షరాలొచ్చాయి. తొలగించడం కుదరదట. ఎందుకు కుదరదూ అని చూస్తే, పొరపాటున ఎవరూ చెరపకుండా తను మొదట్లో రాసుకున్న అడ్డు వాక్యమే. తన జాగ్రత్తని తనే మెచ్చుకోవాల్సిన మనిషి విసుక్కుని, ఆ వాక్యం తీసేసింది.

పాతది పోయింది. కొత్తది కడదామంటే మళ్ళీ ఎర్ర అక్షరాలు. చెరిపినది ఇంకా క్లౌడ్ చెత్తబుట్టలో ఉంది కాబట్టి ఆ పేరు అప్పుడే ఇవ్వనంది.

"పదీ ముప్పై ఎనిమిదమ్మా!" అన్నారు ఆనందరావు గారు గడియారం చూసుకుంటూ.

ఫొటోలు నిన్ననే వేరేచోట భద్రం చేసింది. సెట్టింగులన్నీ ఫైల్లో ఉన్నాయి. ఇంకేముంది పోవడానికి? చెత్తబుట్ట ఖాళీ చేసేసింది. పదీ నలభై రెండుకి కొత్త వర్క్‌స్పేస్ లేచింది. కొబ్బరికాయ పగిలింది. అందరికీ లడ్డూలు పంచారు. అర్షియా కూడా తిన్నది, పాపం.

భోజనాలయ్యాక తెరిచి చూసింది. ఫొటోలు నాలుగు వేల రెండొందలు, ఒక్కటీ తగ్గలేదు. గీతలు మాత్రం సున్నా.

మూడుసార్లు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి వారంలో, మంగతాయారు ఎలా గీస్తుందో చూద్దామని ఆ గీతల ప్రాజెక్టును బొత్తాలు నొక్కి పెట్టింది. ఊరికే పరీక్షకి కదా, నిలబడితే అప్పుడు గీతల్ని బయట ఎక్కడ దాచాలో కూడా కోడ్‌లో రాద్దాంలే అనుకుంది. అది నిలబడింది. రాయడం మాత్రం జరగలేదు. గీతలన్నీ వర్క్‌స్పేస్ లోపలే పేరుకుంటూ వచ్చాయి, దాంతోపాటే పోయాయి. క్లౌడ్ కంపెనీకి రాస్తే, బుట్ట మీరే ఖాళీ చేశారు, ఇక తిరిగి రావు అని మర్యాదగా జవాబిచ్చారు.

ఆనందరావు గారు విని తేలిగ్గా చెయ్యి ఊపేశారు. "దానికేముందమ్మా, మంగతాయారు మళ్ళీ గీస్తుంది. శ్రావణంలో గీసిందయితే ఇంకా కలిసొస్తుంది."

ఆ చెయ్యి ఊపడం చూసి అర్షియాకి ఆయన్ని ఏదైనా గట్టిగా అనాలనిపించింది. ఏమంటుంది? అడ్డు వాక్యం తీసింది ఆయన కాదు. బుట్ట ఖాళీ చేసింది ఆయన కాదు. కోపం ఎటు విసిరినా తిరిగొచ్చి తనకే తగులుతోంది. ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి మనసొప్పక, బంటుమిల్లి బస్సెక్కింది.

మంగతాయారు ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. "రా అమ్మా అర్షియా, ఏంటో ఇవాళ తెరిస్తే నా గీతలు కనబడట్లేదు" అంది, తనే ఏదో తప్పు నొక్కినట్టు బెరుగ్గా.

అర్షియా నిలబడే మొత్తం చెప్పింది. ముహూర్తం, అడ్డు వాక్యం, బుట్ట, మళ్ళీ గీయాలన్న ఆనందరావు గారి మాట, ఏదీ దాచలేదు. మంగతాయారు కళ్ళజోడు ఎగదోసుకుంది.

"అన్నీ పోయినట్టేనా?"

"అన్నీ పోయాయి పిన్నీ."

"అన్నీ రాసిపెడతాను, పోయినా పది నిమిషాల్లో తిరిగొస్తాయని చెప్పేదానివి కదమ్మా."

"చెప్పాను."

"మరి నేను చేసింది రాయలేదా అందులో?"

అర్షియా ఎంతో జాగ్రత్తగా రాసుకున్న ఆ ఫైల్లో, మెషీన్ ఎంతసేపు ఖాళీగా ఉంటే ఆపాలో కూడా ఉంది. మంగతాయారు కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేసింది.