అచ్చిరాని హారం

మా ఇంట్లో శకునాలు చూడకూడదు. పిల్లి ఎదురొచ్చిందని ఆగినా, ఎవరో తుమ్మారని కూర్చున్నా దేవుడి మీద నమ్మకం లేనట్టేనని అమ్మ అనేది. కోస్తాలో చర్చి పక్క వీధిలో పెరిగిన మనిషి, పైగా నర్సు. అలాంటి అమ్మ కూడా కొట్టిపారేయలేనిది ఒక్కటే, అచ్చిరావడం. నీలం కారు అచ్చొచ్చింది, మెట్ల కింది అపార్ట్‌మెంట్ అచ్చిరాలేదు. ఇదీ శకునం లాంటిదే కదా అంటే "అది వేరు, ఇది వేరు" అనేది. ఎలా వేరో చెప్పేది కాదు.

మేము అమెరికాలో అరోరా అనే ఊరికి వచ్చింది డెబ్బైల చివర్లో. అమ్మ తెచ్చుకున్న నగల్లో ఒకటి మాత్రం ఎన్నడూ పెట్టుకోగా చూడలేదు. రెండు పేటల బంగారు హారం, ఎర్ర రాళ్ల పతకం. పెళ్లి విందులో అందరి ముందూ నాయనమ్మ దాన్ని అమ్మ మెడలో వేసిందట. అంతకు ముందు వేసుకున్న ముత్తవ్వ ఏడాది తిరక్కుండా భర్తను పోగొట్టుకుంది. ఆవిడ తర్వాత వేసుకున్న మేనత్త అత్తారింటి నుంచి తిరిగొచ్చేసింది. ఈ సంగతులు అమ్మకి పెళ్లయ్యాక ఎవరో చెవిలో వేశారు. ఆ రోజే తీసి చీరల అడుగున పెట్టేసింది. నాకేమో ఆ హారమంటే పిచ్చి.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా మా ఇంగ్లీషు టీచర్ గ్రీకు దేవతల కథలు మొదలుపెట్టింది. అందులో హార్మోనియా కథ ఒకటి. ఆవిడ సామరస్యానికి దేవత. కానీ ఆవిడ పెళ్లికి వచ్చిన హారం తర్వాత ఎవరి మెడలో పడితే వాళ్ల కొంప కూలింది. నేను చెయ్యెత్తి, మా ఇంట్లోనూ అలాంటిది ఉంది, తెచ్చి చూపిస్తానని కోతలు కోశాను. క్లాసంతా నా వైపు తిరిగి చూసింది. ఆ గర్వంతోనే ఇంటికి పరిగెత్తాను.

తీరా చూస్తే హారం కిచెన్ టేబుల్ మీద గుడ్డలో చుట్టి ఉంది. మా చర్చి ఆంటీ ఒకావిడ ఇండియా వెళ్తోందని, దాన్ని అక్కడ కరిగించి నాకు గాజులు చేయించమని ఇవ్వబోతోంది అమ్మ.

"నీ పెళ్లిలో ఇది నీ మెడలో పడకూడదు" అంది.

నాకు ఒళ్లు మండింది. "అది కర్స్‌డ్ అనే కదమ్మా అందరూ చూస్తామంటున్నారు! హార్మోనియా హారం లాగా."

"హార్మోనియమా? చర్చిలో వాయించేదా?"

"కాదు, గాడెస్. ఆవిడ పేరే అది."

"ఆడపిల్లకి హార్మణీ పెట్టె పేరేంటే!" అని కాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "కర్స్‌డ్ అనకు. శాపమంటే ఎవరో ఒకరు పెట్టాలి. ఇది ఊరికే అచ్చిరాలేదు, అంతే. ఆ పిల్లకి ఎవరు పెట్టారేంటి?"

నాకు తెలిసినంత చెప్పాను. హార్మోనియా తల్లి భర్తను కాదని ఇంకో దేవుడితో ఈమెను కంది. ఆ భర్త లోహపు పనిలో దిట్ట. భార్య మీది కోపంతో తనే హారం చేసి, దానికి శాపం పెట్టి, పిల్లకి పెళ్లి కానుకగా ఇచ్చాడు.

"అందరి ముందూ, నవ్వుతూ ఇచ్చాడా?"

"నవ్వాడో లేదో బుక్‌లో లేదమ్మా."

"నవ్వే ఉంటాడు" అంది అమ్మ.

కుర్చీలో కూర్చుని గుడ్డ విప్పింది. పతకం మీది ఎర్ర రాళ్లను ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"మీ నాయనమ్మ తన తమ్ముడి కూతుర్ని కోడలిగా తెచ్చుకోవాలనుకుంది. మీ నాన్న నన్ను చేసుకున్నారు."

"అయితే తెలిసే వేసిందా?"

"ఇంట్లో ఇంకా మంచి నగలున్నాయే. ఏరి ఏరి ఇదే తీసింది." అమ్మ హారాన్ని మళ్లీ గుడ్డలో చుట్టింది. "పాపం, దీన్ని అనుకుని ఏం లాభం. నేనే ఆవిడకి అచ్చిరాలేదు."

నాయనమ్మ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అమ్మను చూస్తే ఏడుపొచ్చింది. ఇక హారం క్లాసుకి తీసుకెళ్తానని అడగడానికి నోరు రాలేదు.

శుక్రవారం సాయంత్రం ఆంటీ వచ్చేసరికి అమ్మ డ్యూటీ నుంచి అప్పుడే ఇంటికొచ్చింది. నర్సు యూనిఫామ్ మీదే హారం వేసుకుని తలుపు తీసింది. ఆంటీ తెల్లబోయింది.

"కరిగించమన్నది ఇదే కదండీ? తీసివ్వండి మరి, నేను ప్యాకింగ్ చేసుకోవాలి."

"ఇవ్వట్లేదండి. దీని తప్పేం లేదు. మా అత్తగారు నా పెళ్లికి పెట్టింది. నేనే వేసుకుంటాను" అంది అమ్మ. అత్తగారు అన్న మాట అమ్మ నోట గొంతు మారకుండా వినడం నాకు అదే మొదటిసారి.