సుగుణ అత్తయ్య అంబాసిడర్

నిన్న పొద్దున్న ఫోన్ వచ్చింది. సుగుణ అత్తయ్య నిద్రలోనే వెళ్లిపోయిందట.

నమ్మలేదు. శనివారమే కదా ఫోన్‌లో నాకు చీవాట్లు పెట్టింది!

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మా నాన్నగారి అక్క. రామచంద్రపురంలో లెక్కల టీచర్‌గా చేసి రిటైరైంది. మావయ్య పోయాక ఆయన పాత అంబాసిడర్‌ని తుక్కు కింద అమ్మేయమని బంధువులంతా వెంటపడ్డారు.

అత్తయ్య అమ్మలేదు. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది.

ఒక ఆదివారం చర్చికి టైమవుతోంది, బండి స్టార్ట్ కాదు. వీధిలో మగవాళ్లంతా బానెట్ చుట్టూ చేరారు. ఒకాయన బ్యాటరీ పోయిందన్నాడు. ఇంకొకాయన కార్బురేటరే మార్చాలన్నాడు. అత్తయ్య తెల్లచీర కొంగు నడుముకు దోపి స్క్రూడ్రైవర్‌తో వచ్చింది.

"కొంచెం పక్కకి జరగండి బాబూ, వెలుతురు పడట్లేదు."

చోక్ కేబుల్ జారింది, అంతే. లోపల చోక్ నాబ్ లాగినా కార్బురేటర్ మీది రేకు మూసుకోవట్లేదు; అది మూసుకుని గాలి తగ్గితేనే చల్లటి ఇంజన్ అందుకునేది. కేబుల్‌ని అగ్గిపుల్ల మందం వదులుంచి బిగించింది. బండి అందుకుంది. ఆ రోజు చర్చికి అందరికన్నా ముందు వెళ్లింది ఆవిడే.

శనివారం తిట్లు కూడా చోక్ గురించే. కిందటి వారం వెళ్లినప్పుడు నేను చోక్ లాగి, యాక్సిలరేటర్ తెగ తొక్కి, ప్లగ్గులు పెట్రోల్‌తో తడిపేశాను.

"చోక్ లాగాక కాలు కదపొద్దని ఎన్నిసార్లు చెప్పానే? నేను పోయిన రోజు నా ముందు ఈ బండే నడవాలి, నువ్వే నడపాలి. అప్పుడూ ఇలాగే తొక్కుతావా?"

నవ్వేశాను. ఇంత తొందరగా ఆ రోజు వస్తుందనుకోలేదు.

ఇవాళ పొద్దున్న బండి పలకలేదు. అత్తయ్యను తీసుకెళ్లే వ్యాన్ గుమ్మం ముందు రెడీగా ఉంది.

"వదిలేయమ్మా, ఇప్పుడు దాంతో పనేంటి?" అన్నారు పెద్దవాళ్లు.

ఎందుకు వదలాలండీ? ఆవిడ ఎవరు చెప్పినా వదల్లేదు. నేను వదులుతానా?

ఏడుస్తూనే బానెట్ ఎత్తాను. చుట్టూ మళ్లీ అదే గుంపు, అవే సలహాలు. ఒళ్లు మండింది.

"కొంచెం పక్కకి జరగండి, వెలుతురు పడట్లేదు" అన్నాను.

కేబుల్ మళ్లీ జారింది. అగ్గిపుల్ల మందం వదులుంచి బిగించాను. నాబ్ లాగాను.

కాలు కదపలేదు అత్తయ్యా.

రెండోసారికి అందుకుంది. సమాధుల తోట దాకా నీ ముందే నడిపాను. ఎక్కడా ఆగలేదు. ఇంజన్ వేడెక్కాక చోక్ లోపలికి నెట్టడం కూడా మర్చిపోలేదు.

బండి అమ్మేది లేదు. దయచేసి ఎవరూ అడగొద్దు.

వెళ్లిరా అత్తయ్యా. ప్రభువు దగ్గర హాయిగా విశ్రాంతి తీసుకో.