నీళ్ల బండి ఆయమ్మ

పోయిన నెలలో ఒక ఉదయం నా పాత బడి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కింద ఒకటే మాట: "మన ఆయమ్మ లేదు." దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేను ఏ బొమ్మా పెట్టలేకపోయాను. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, తొమ్మిదో తరగతికి వెళ్లి పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఇప్పుడు పామిడి దగ్గర పనిచేస్తున్నాను గానీ, నా మొదటి ఉద్యోగం గుమ్మఘట్ట వైపు ఒక చిన్న ఊళ్లో, ఆ పాత బడిలోనే. భౌతికశాస్త్రం చెప్పాలి. రాయదుర్గంలో ఒక గది అద్దెకు తీసుకుని బస్సులో వచ్చిపోయేదాన్ని. బడిలో అందరూ మగ మాస్టర్లు. నాతో మాట్లాడే మనిషి ఆయమ్మ ఒక్కతే. బడి ఊడ్చేది, గంట కొట్టేది. బడి బోరు ఎండిపోయిన దగ్గర్నుంచి, ఊరవతలి కొళాయి నుంచి తోపుడుబండి మీద ఆరు బిందెల నీళ్లు తెచ్చేది. భర్త పోయి చాలా ఏళ్లు. పిల్లలు లేరు.

మొదటి వారం జడత్వం పాఠం చెప్పాను. నిర్వచనం రెండుసార్లు చదివించాను. సగం మంది ఇళ్లలో కన్నడం మాట్లాడే పిల్లలు, నా పుస్తకపు తెలుగుకు బిక్కమొహాలు వేశారు. వరండా ఊడుస్తున్న ఆయమ్మ గంట అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, జడత్వం అంటే ఏంది?"

చెప్పాను. నవ్వింది. "ఓస్, అదేనా! నా బండితో దినామూ అదే కదా. నిలబడిండే బండిని కదిలించాలంటే పానం పోతాది. కదిలినంక ఒంటిచేత్తో తోయచ్చు. కదిలించేటప్పుడు నీళ్లు ఎనక్కి తుళ్లి నా మీద పడతాయి. ఆపితే బండి ఆగుతాది గాని నీళ్లు ఆగవు, ముందరికి దుంకుతాయి. రెండుసార్లూ నష్టం నాకే."

మరుసటి రోజు పిల్లల్ని బండి దగ్గరికి తీసుకుపోయాను. వంతులవారీగా తోశారు, తడిశారు, నవ్వారు. ఆ నిర్వచనం మళ్లీ ఎవరూ మర్చిపోలేదు. అప్పటినుంచి బలాలు, చలనం ఏ పాఠమైనా ముందు ఆయమ్మకు చెప్పి చూసేదాన్ని. ఆయమ్మ వారానికోసారి బండి ఇరుసుకు రెండు చుక్కల నూనె వేసి, వేలికి అంటింది మడమ పగుళ్లకు రాసుకునేది. ఘర్షణ వల్ల నష్టాలు నేను వల్లిస్తుంటే అడ్డం వచ్చింది: "ఒరుసుకునేది చెడ్డదే అనుకో. అది లేకుంటే నేల మీద కాలు నిలుస్తాదా?"

సాయంత్రం బస్సు వచ్చేదాకా కల్వర్టు గట్టు మీద నా పక్కన కూర్చునేది. నేను ఎక్కాక బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూసేది. అందరి ముందర మేడమ్ అనేది. ఇద్దరమే ఉన్నప్పుడు 'పాపా' అని పిలిచేది. ఇంటికి దూరంగా ఉన్న నాకు రోజంతా ఆ ఒక్క పిలుపు కోసమే గడిచినట్టుండేది.

ఆ ఏడాది చివర్లో ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. వేరే గది చూసుకోవాలి. సెలవు పెట్టడానికి భయపడి, మధ్యాహ్నం తరగతి వాకిట్లో ఆయమ్మతో అన్నాను: "ఒక గంట పిల్లల్ని చూసుకో. బండి పాఠం ఇంకోసారి చేయించు."

నేను తిరిగొచ్చేసరికి గంట కాదు, రెండు గంటలయింది. బడి ముందర ఒక బిందె పక్కకు ఒరిగి ఉంది. నీళ్లన్నీ నేలపాలు. పిల్లలు గోడవారగా నిలబడ్డారు. హెడ్మాస్టరు అరుస్తున్నాడు.

"నీళ్లు తెచ్చేదానివి నీళ్లు తే! పాఠాలు చెప్పమని ఎవరు చెప్పినారు నీకు?"

ఆయమ్మ గేటు దగ్గర నన్ను చూసింది. ఆయనా చూశాడు.

"మీరు చెప్పినారా మేడమ్?"

"లేదు సార్," అన్నాను.

ఆయమ్మ వంగి బిందెను నిలబెట్టింది. "తప్పయింది సార్," అని బండి తోసుకుంటూ మళ్లీ కొళాయికి పోయింది.

ఆ సాయంత్రం కల్వర్టు మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. మరుసటి సాయంత్రమూ అంతే. పది రోజులకు ధైర్యం చేసి హెడ్మాస్టరుకు నిజం చెప్పాను. "అయిపోయింది కదా మేడమ్, వదిలేయండి," అన్నాడు తలెత్తకుండా. ఆయమ్మ దగ్గరికి వెళ్లాను. ఇరుసుకు నూనె వేస్తోంది. నేను ఏడుస్తూ చెప్పిందంతా విన్నది.

"తెల్సులే మేడమ్. కొత్త ఉద్యోగం. భయముంటాది."

మళ్లీ వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నీ మాట్లాడేది. నాకు జ్వరమొస్తే కొర్రగంజి కాచి తెచ్చింది. బదిలీ అయ్యేదాకా ఇంకో నాలుగేళ్లు అక్కడే ఉన్నాను. ఆ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పాపా అనలేదు.

ఫొటో వచ్చిన రోజే బయల్దేరినా, సమాధుల తోటకు నేను చేరేసరికి ప్రార్థన అయిపోయింది. పాస్టరు, నలుగురు ఆడవాళ్లు, ఆనాటి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె. ఇప్పుడు ఆ ఊళ్లోనే బట్టలు కుడుతోందట. ఎర్రమట్టి సరిచేస్తున్నంతసేపూ ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. ఇన్నేళ్లూ పిల్లలెవరికీ చెప్పనిది ఆమెకు చెప్పాను: ఆ రోజు ఆయమ్మ తప్పేమీ లేదని, పాఠం చేయించమన్నది నేనేనని.

ఆమె నా వైపు వింతగా చూసింది. "మాకు తెల్సు కదా మేడమ్. మీరు వాకిట్లో చెప్పిపోతాంటే అందరమూ విన్నాం."

"మరి హెడ్మాస్టరుకు ఎవరూ చెప్పలేదేమమ్మా?"

"చెప్తామనే అనుకున్యాం. ఆయమ్మే వద్దనింది. మేడమ్‌కి మర్యాద పోతాది, ఎవురూ నోరు మెదపాకండి అనింది."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటాక ఒక వేరుశనగ చేలో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. బస్సు చప్పుడుకు అందరూ నడుములు పట్టుకుని లేచి చూశారు, మళ్లీ వంగారు. ఒకామె మాత్రం ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉంది.