అసెంబ్లీలో నా దాహం

నల్లమాడ దగ్గర ఒక పల్లె బడిలో నేను ఒక్కదాన్నే టీచరుగా పనిచేస్తున్న రోజులవి. బడికి మరుగుదొడ్డి లేదు. అందుకని ఎంత ఎండైనా సాయంత్రం ఇంటికి చేరేదాకా మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. ఒకసారి మా ఎమ్మెల్యే బడి సమస్యలు అడిగితే ఆ సంగతి చెప్పాను.

కొన్నాళ్లకు, సాయంత్రం బస్సు కోసం టీకొట్టు దగ్గర నిలబడ్డాను. వేరుశనగ నష్టం గురించి వ్యవసాయ మంత్రి ఏమంటారోనని రైతులు టీవీలో అసెంబ్లీ వార్తలు చూస్తున్నారు. ఇంతలో మా ఎమ్మెల్యే లేచి, మా బడి ఉన్న పల్లె పేరు చెప్పి, "అధ్యక్షా! అక్కడి టీచరమ్మ మరుగుదొడ్డి లేక పగలంతా నీళ్లే తాగడం లేదు. విద్యామంత్రి గారు ఏం చెప్తారు?" అని నిలదీశారు.

"పరిశీలిస్తాం" అన్నారు విద్యామంత్రి.

కొట్టులోని మగవాళ్లంతా నావైపు తిరిగారు. సిగ్గుతో చచ్చిపోయాను. బస్సెక్కి ఏడ్చేశాను.

మర్నాడు తల వంచుకునే బడికి వెళ్లాను. ఎదురింటి ఓబులమ్మ, కూలికి పోయే ముసలామె, చెంబుతో నీళ్లు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఏమ్మా, ఎమ్మెల్యే ఆయప్పకు చెప్పినావు, ఎదురుగా ఉండే నాకు చెప్పలేకపోయినావా?" అని కోప్పడింది. "మా ఇంట్లో బాత్రూము ఉండాది. నేను పనికి పోతే మాపటికి గాని రాను. తాళంచెవి నీకాడే పెట్టుకో. ముందు ఈ నీళ్లు తాగు."

ఆమె చూస్తుండగానే చెంబెడు నీళ్లూ గటగటా తాగేశాను.

బడికి మరుగుదొడ్డి ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. కానీ మంత్రిగారిని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది మాత్రం ఓబులమ్మే. పెళ్లయి ఎక్కడినుంచో ఈ ప్రాంతానికి వచ్చిన నాకు ఆ ఊళ్లో ఒక పుట్టిల్లు దొరికింది.