మైకత్తయ్య కాలేయ వార్తలు

మా మేనత్త నోట్లో నువ్వుగింజ నానదు. ఎదురింటి అమ్మాయి నెల తప్పిందన్న శుభవార్త ఆ అమ్మాయి మొగుడికి తెలిసింది మా అత్తయ్య ద్వారానే. అందుకే వీధిలో ఆవిడను అందరూ మైకత్తయ్య అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు చాటుగా అనుకుంటుంటే, ఆవిడే దాన్నీ ఊరంతా చాటింది.

మావయ్యది తాళాలు బాగుచేసే కొట్టు. ఎంత మొండి తాళమైనా ఆయన చేతికి లొంగాల్సిందే. "దేనికైనా తాళం వేయగలను గానీ..." అని అత్తయ్య వైపు చూసి ఆగిపోయేవాడు. "నా నోటికి వేయలేరు!" అని మిగతాది అత్తయ్యే నలుగురికీ వినపడేలా పూర్తిచేసేది.

ఆ కొట్టు పక్కనే, కిటికీ ముందు, అత్తయ్య కుట్టుమిషను. జనం జాకెట్టు కొలతలిచ్చి వార్తలు పట్టుకెళ్లేవాళ్లు.

అలాంటి మనిషికి నీరసంగా ఉంటోందని నేను ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే హెపటైటిస్ సి అని తేలింది. ఎప్పుడో కాన్పు సమయంలో రక్తం ఎక్కించినప్పుడు వచ్చి ఉంటుందన్నారు.

"ఇన్నేళ్లు నా ఒంట్లోనే కాపురం ఉండి నాకే చెప్పలేదా, దొంగపీనుగ!" అంది అత్తయ్య.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "ఊరుకుంటే కాలేయాన్ని తినేస్తుందండీ. మీకింకా అంతదాకా రాలేదు. మూడు నెలలు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ నయమైపోతుంది."

"ఇంట్లోవాళ్లకి అంటుతుందా?" అని అడిగింది అత్తయ్య.

"రక్తం తగిలితేనే. బ్లేడు, టూత్‌బ్రష్షు ఎవరివి వాళ్లు వాడుకోండి. కలిసి తిన్నా, ముట్టుకున్నా, వండిపెట్టినా రాదు."

తిరుగు బస్సులో అత్తయ్య నోరు విప్పలేదు. నాకు ముచ్చెమటలు పోశాయి. జబ్బును చూసి కాదు, ఆ మౌనాన్ని చూసి.

"భయంగా ఉందే," అంది చివరికి, నాకొక్కదానికే వినపడేలా. ఆవిడ గొంతుకు అంత చిన్న సైజు ఉందని నాకప్పటిదాకా తెలియదు.

"నయమైపోతుందిగా అత్తయ్యా. కానీ ఎవరికీ చెప్పకు. జనం లేనిపోనివి అనుకుంటారు."

ఇంటికెళ్లాక మావయ్యా అదే అన్నాడు. అత్తయ్య బుద్ధిగా తలూపింది. తెల్లారేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది.

"ఏ కాదు, బి కాదు, సి! బడిలో ఎప్పుడూ రాని మూడో ర్యాంకు ఇప్పుడొచ్చింది," అని పోస్ట్‌మాన్‌తో చెప్పింది. పాలవాడితో చెప్పింది. రాంగ్ నంబరుకు ఫోన్ చేసినవాడితో కూడా చెప్పి, పరీక్ష చేయించుకోమని సలహా ఇచ్చి మరీ పెట్టేసింది.

అన్నిటికన్నా ఘోరం ఎదుటి బేకరీ. సరిగ్గా జనం కిటకిటలాడే వేళకి వెళ్లి నిలబడేది.

"ఒకే కంచంలో తిన్నా రాదట! ఈ జబ్బున్నవాళ్లు పిండి కలిపినా రాదట! డాక్టరమ్మే చెప్పింది! వినపడిందా తమ్ముడూ?"

"వినపడింది అక్కయ్యా. పక్క వీధికి కూడా వినపడింది," అనేవాడు బేకరీ ఆయన, రొట్టె మీంచి తల ఎత్తకుండా.

ఈ చాటింపు ఊరికే పోలేదు. ఒకావిడ సగం కుట్టిన జాకెట్టు వెనక్కి పట్టుకుపోయింది. ఆ పూట అత్తయ్య మిషను తొక్కలేదు. కత్తెర ముందు పెట్టుకుని కూర్చుంది.

"చూశావా? చెబితే విన్నావా?" అన్నాడు మావయ్య.

అత్తయ్య కళ్లు తుడుచుకుంది. "ఆ జాకెట్టుకి చేతులు కుట్టలేదింకా. ఎలా తొడుక్కుంటుందో చూస్తాను," అని లేచి మళ్లీ బేకరీకి బయల్దేరింది.

విని విని జనానికి భయం పోయి విసుగొచ్చింది. విసుగు పోయి చనువొచ్చింది. "మాత్రలెప్పుడు మొదలు మైకత్తయ్యా?" అని దారినపోయేవాళ్లు అడగసాగారు. చేతుల్లేని జాకెట్టు కూడా తిరిగొచ్చింది.

మాత్రలిచ్చే రోజు ఆసుపత్రికి వెళ్తే, బెంచీ మీద ఫైలు పట్టుకుని బేకరీ ఆయన! మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"మీరేంటి ఇక్కడ?" అన్నాను.

"నాదీ అక్కయ్య జబ్బేనమ్మా. నిరుడే తేలింది. సంగతి తెలిస్తే నా రొట్టె ఎవరు ముట్టుకుంటారని మందు జోలికే పోలేదు. అక్కయ్యకి తేలిన రోజు, మాత్రల సంగతి అడుగుదామని వచ్చి ఇక్కడే కూర్చున్నా. జబ్బు పేరు రాసున్న ఈ ఫైలుతో సహా ఆవిడ కంట పడ్డాను. వెనక గుమ్మంలోంచి పారిపోయా. ఇంకేముంది, తెల్లారేసరికి వీధంతా తెలిసిపోతుందని కొట్టుకి తాళం వేసుకుని లోపలే కూర్చున్నా." ఆయన నవ్వాడు. "తెల్లారింది. తెలిసిపోయింది కూడా. కాకపోతే ఆవిడ సంగతి!"

నేను అత్తయ్య వైపు తిరిగాను. "మావయ్యకి కూడా చెప్పలేదా?"

"తమ్ముడి సంగతి నేనెందుకు చెబుతానే? నేను అలాంటిదాన్నా?"

ఇది అన్నది మా అత్తయ్యేనా అని నేను ఆవిడను ఎగాదిగా చూశాను.

"ముందు నేను దిగితే లోతెంతో తమ్ముడికి తెలుస్తుందనుకున్నా," అంది. "అయినా ఒక్కదాన్నే మింగాలంటే నాకు మాత్రం భయం లేదేంటి?"

ఇద్దరూ ఒకేసారి మాత్రలు మొదలుపెట్టారు. అత్తయ్య కిటికీలోంచి "వేసుకున్నావా?" అని అరిస్తే, బేకరీలోంచి "వేసుకున్నా!" అని కేక వచ్చేది. మందులయ్యాక కొన్నాళ్లకు పరీక్ష చేస్తే, ఇద్దరి రక్తంలోనూ జబ్బు జాడ లేదు.

ఇప్పుడు బేకరీ ఆయన, రొట్టె కొనడానికి వచ్చినవాళ్లందరికీ తన కథ మొదటి నుంచి చెప్పి, పరీక్ష చేయించుకోమని చెప్పి గానీ పొట్లం చేతికివ్వడు.

మొన్న ఆ వరసలో అత్తయ్య వెనక నేనూ నిలబడ్డాను. రెండు చెవులూ మూసుకుని విసుక్కుంటోంది.

"అబ్బబ్బ, ఏం వాగుడయ్యా తమ్ముడూ! ముందు రొట్టె ఇవ్వు!"